మన పల్లె బడిలో ట్రస్టు డబ్బుతో పరిశోధన: సంతకం పెట్టే ముందు ఏం అడగాలి?

విభాగం: చిత్తూరు – తిరుపతి / చదువులు, ఊరు, పర్యావరణం

పలమనేరు_నాన్న · మంగళవారం, రాత్రి 9:14

అందరికీ నమస్కారం. మాది పలమనేరు నుంచి కుప్పం పోయే దారిలో ఒక పల్లె. మా హైస్కూల్ పేరెంట్స్ కమిటీలో నేనొక సభ్యుణ్ణి. పోయిన వారం బెంగళూరు నుంచి ఒక పరిశోధన బృందం వచ్చి హెడ్మాస్టరు గారితోనూ మాతోనూ మాట్లాడింది. డబ్బు ఒక వ్యాపార కుటుంబం పెట్టిన ట్రస్టుది. రెండేళ్ళ పని. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు ఏడాదికి రెండుసార్లు లెక్కల్లో, చదవడంలో పరీక్ష పెడతారట. దాంతోపాటు ఊరి చెరువుకొచ్చే పిట్టలు, గుట్ట మీది చెట్లు, కొన్ని బోర్లలో నీటి మట్టం, ఇవన్నీ పిల్లల చేతనే నెలనెలా రాయిస్తారట. ఇట్లా సొంత ఊరి మీద పనిచేసిన పిల్లలకు లెక్కలూ సైన్సూ బాగా వంటబడతాయా, ఊళ్ళో నీళ్ళూ చెట్లూ నిలబడతాయా అన్నది వాళ్ళు తేల్చాలనుకుంటున్నారు.

నాకు ఈ పని నచ్చింది. మా అమ్మాయి ఏడో తరగతి. ఆహారపు గొలుసు గురించి పుస్తకంలో ఉన్నదంతా గడగడా అప్పజెబుతుంది. మా చెరువు కట్ట మీదున్న కానుగ చెట్టు పేరు అడిగితే తెలియదు.

ఒప్పుకోలు పత్రం నాలుగు పేజీలు, అంతా ఇంగ్లీషే. వచ్చే సోమవారం లోపల సంతకాలు కావాలంటున్నారు. వద్దనే ఉద్దేశం నాకు లేదు. ఏమేం అడిగి ఒప్పుకోవాలో తెలిసినవాళ్ళు చెప్పండి.

పుంగనూరు_టీచర్ · మంగళవారం, రాత్రి 9:52

అన్నా, నేను ప్రాథమిక పాఠశాల టీచర్ని. మా బడికీ ఒక బృందం వచ్చింది, పేరు వద్దులెండి. ఐదో తరగతి పిల్లల్ని ఒక్కొక్కరినీ వరండాలో కూర్చోబెట్టి ఒక పేరా చదివించారు, ఒక తీసివేత, ఒక భాగహారం చేయించారు. అంతా ట్యాబ్‌లో ఎక్కించుకున్నారు. పిల్లలకు తలా ఒక పెన్సిల్ ఇచ్చారు. రిపోర్టు పంపుతామన్నారు, ఇప్పటికీ రాలేదు.

నాకు కావాల్సింది పెద్ద రిపోర్టు కూడా కాదు. ఏ బిడ్డ ఏ మెట్టు దగ్గర ఆగిపోయిందో తెలిస్తే మర్నాటి నుంచే ఆ బిడ్డతో పని మొదలుపెడతాను. ఆ సంగతి నా తరగతి గదిలోనే పుట్టి, నాకు తెలియకుండా ఎక్కడో కంప్యూటర్‌లో ఉంది. ఈ ఒక్క విషయంలో మీరు గట్టిగా నిలబడండి. పరీక్ష అయిన నెలలోపు ఫలితం టీచర్ చేతికి రావాలి, తెలుగులో రావాలి.

అందరూ అట్లా ఉండరని కూడా చెప్పాలి. ప్రథమ్ సంస్థ 2005 నుంచి అసర్ సర్వే చేస్తోంది. అక్షరం, పదం, పేరా, రెండో తరగతి స్థాయి కథ, అంతే పరీక్ష. ఇంటింటికీ తిరిగి చేస్తారు, ఫలితాలు బయట పెడతారు. ఆ పరీక్ష కాగితం కూడా అందరికీ దొరుకుతుంది. జూన్‌లో బడి తెరవగానే నేను దాన్నే వాడుకుంటాను.

తిరుపతి_స్కాలర్ · మంగళవారం, రాత్రి 11:05

నేను తిరుపతిలో పర్యావరణ శాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. నా ఫెలోషిప్ కూడా ఒక ట్రస్టు ఇచ్చేదే. అందుకని లోపలి సంగతులు కొన్ని చెప్పగలను.

మొదట ఆ సోమవారం గడువు ఒప్పుకోకండి. పిల్లల మీద చేసే ఏ పరిశోధనకైనా నైతిక పరిశీలన కమిటీ అనుమతి ఉండాలి. ఆ అనుమతి పత్రం కాపీ అడగండి, ఉంటే ఆ రోజే పంపుతారు. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం తల్లిదండ్రుల సమ్మతి ఒక్కటే చాలదు. 7 నుంచి 12 ఏళ్ళ పిల్లల్ని నోటిమాటగా అడగాలి, 12 దాటినవాళ్ళ దగ్గర రాతపూర్వకంగా తీసుకోవాలి. అవి వైద్యానికి రాసినవే అయినా సామాజిక పరిశోధన చేసే మంచి సంస్థలన్నీ పాటిస్తాయి. మీ ఏడో తరగతి పాప 'నాకిష్టం లేదు' అంటే వాళ్ళు ఆగిపోవాలి.

రెండోది భాష. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, ఒప్పుకోలు అడిగే నోటీసును రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో ఉన్న భాషల్లో దేంట్లోనైనా చదువుకునే వీలు ఉండాలంటుంది. 18 ఏళ్ళ లోపు అందరూ ఆ చట్టం లెక్కలో పిల్లలే. కాబట్టి తెలుగు పత్రం అడగడం మీరు కోరే సహాయం కాదు, మీకు రావాల్సినది.

కరకంబాడి_కుర్రాడు · బుధవారం, ఉదయం 7:30

అన్నీ బాగానే ఉన్నాయి, అసలు విషయం ఎవరూ అడగడం లేదు. ఏం పరిశోధించాలో ఎవరు తేలుస్తున్నారు? డబ్బున్న కుటుంబం తేలుస్తోంది. వాళ్ళకు పిట్టలిష్టం కాబట్టి పిట్టలు. కుప్పం వైపు గ్రానైట్ క్వారీల దుమ్ము పక్కన పెరిగే పిల్లల ఊపిరితిత్తుల మీద పరిశోధన చేస్తామంటే ఏ ట్రస్టు ముందుకొస్తుందో చెప్పండి.

ప్రభుత్వం కూడా అటే తోస్తోంది. 2023లో అనుసంధాన్ జాతీయ పరిశోధన సంస్థకు చట్టం చేసి ఐదేళ్ళలో 50,000 కోట్లన్నారు. అందులో 36,000 కోట్లు ప్రభుత్వం బయటి నుంచే రావాలట, అంటే కంపెనీలూ దాతలూ. జనం పన్నులతో నడిస్తే జనానికి జవాబు చెప్పాలి. దాత డబ్బుతో నడిస్తే దాతకే కదా చెప్పేది?

మదనపల్లె_వాసి · బుధవారం, మధ్యాహ్నం 1:20

తమ్ముడూ, నీ ప్రశ్న న్యాయమైనదే. కానీ మన పాత చిత్తూరు జిల్లాలోనే ట్రస్టు నీడలో పుట్టి దేశమంతా పాకిన పని ఒకటుంది, అది చెప్పకుండా ఈ చర్చ ముందుకు పోకూడదు.

రిషివ్యాలీ తెలియనివాళ్ళుండరు. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి 1926లో ఆ లోయను బడి కోసం ఎంచుకున్నారు. లోపల పెద్ద బడి డబ్బున్నవాళ్ళ పిల్లలదే. నేను చెప్పేది దాని చుట్టుపక్కల పల్లెల్లో 1980ల నుంచి నడుస్తున్న చిన్న బడుల సంగతి. ఒకే గది, ఒకే టీచరు, ఐదు తరగతుల పిల్లలు కలిసి కూర్చుంటారు. టీచరు కూడా ఆ చుట్టుపక్కల ఊళ్ళ మనిషే. పద్మనాభరావు, రమ దంపతులు అక్కడే ఏళ్ళ తరబడి ఒక పద్ధతి తయారుచేశారు. పాఠ్యపుస్తకాన్ని విడగొట్టి చిన్న చిన్న కార్డులు చేశారు. గోడ మీద ఒక నిచ్చెన బొమ్మ ఉంటుంది, అందులో మెట్లు. పిల్ల తనెక్కడుందో తనే చూసుకుని, బొమ్మ గుర్తును బట్టి డబ్బాలోంచి కార్డు తీసుకుని కూర్చుంటుంది. కొన్ని కార్డులు టీచరు దగ్గర, కొన్ని తోటి పిల్లలతో, కొన్ని ఒంటరిగా చేసేవి.

దీని విలువ వేరుశనక్కాయలు పీకే రోజుల్లో తెలుస్తుంది. పిల్ల రెండు వారాలు చేలోకి పోయి వస్తుంది. మామూలు బడిలో అయితే పాఠం ముందుకెళ్ళిపోయి ఉంటుంది, ఆ పిల్ల వెనక బెంచీకి చేరుతుంది, మరుసటేడు బడి మానేస్తుంది. ఇక్కడ వచ్చిన రోజు నేరుగా తను వదిలిన మెట్టు దగ్గరికే పోయి కార్డు తీసుకుంటుంది.

ఇది చూసి వెళ్ళినవాళ్ళు 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటెలో ఇదే తరహా 'నలి కలి' బోధన పద్ధతి మొదలుపెట్టారు. తర్వాత చెన్నై కార్పొరేషన్ బడులు 2003లో అందుకున్నాయి, ఆపైన తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నింటికీ వెళ్ళింది. బయటి డబ్బు, తర్వాత ప్రభుత్వ డబ్బు, రెండూ కలిశాయి. కానీ నడిపించింది మాత్రం ఒకే చోట ఏళ్ళకేళ్ళు అంటిపెట్టుకున్న మనుషులు. చెట్ల సంగతీ అంతే. మొదట్లో బోడిగా ఉన్న లోయ అది. మొక్కలు నాటారు, వాననీళ్ళు ఆపారు, మేకల్ని తోలనివ్వలేదు. 1991లో పక్షుల రక్షిత ప్రాంతంగా ప్రకటించుకున్నారు. ఈ పనుల్లో ఏదీ రెండేళ్ళ ప్రాజెక్టులో అయ్యేది కాదు.

అందుకని పలమనేరు అన్నకు నా సలహా ఇది: 'డబ్బు ఎవరిది' అని ఒకసారి అడగండి, 'ఎన్నాళ్ళుంటారు' అని మూడుసార్లు అడగండి.

తిరుపతి_స్కాలర్ · బుధవారం, సాయంత్రం 6:40

@కరకంబాడి_కుర్రాడు, దాతకు నచ్చని ఫలితం కూడా బయటికి వస్తుందా అన్నదే అసలు పరీక్ష. ఒక ఉదాహరణ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ భాగస్వామిగా కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు పెద్ద అధ్యయనాలు చేశారు. ఒకదాంట్లో పల్లెటూరి పిల్లలకు లాటరీ వేసి ప్రైవేటు బడి ఫీజు కట్టారు. నాలుగేళ్ళ తర్వాత చూస్తే తెలుగులో, లెక్కల్లో ప్రైవేటు బడికి పోయిన పిల్లలకూ ప్రభుత్వ బడిలో ఉన్నవాళ్ళకూ తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు ముందున్నారు. అయితే ప్రైవేటు బడి ఒక్కో పిల్లవాడి మీద పెట్టే ఖర్చు ప్రభుత్వ బడి ఖర్చులో మూడో వంతే. 2015లో ఇది అచ్చయింది. ప్రైవేటు గొప్పదనేవాళ్ళకూ నచ్చలేదు, ప్రభుత్వ బడే గొప్పదనేవాళ్ళకూ పూర్తిగా నచ్చలేదు. అయినా ఉన్నదున్నట్టు వచ్చింది.

దేశంలో విజ్ఞానశాస్త్రం నిలబడిందే దాతల చేయి పట్టుకుని. 1909 నాటి బెంగళూరు ఐఐఎస్సీ (భారత విజ్ఞాన సంస్థ) వెనక జంషెడ్జీ టాటా ఆస్తి, మైసూరు సంస్థానం ఇచ్చిన భూమి ఉన్నాయి. 1945 నాటి టీఐఎఫ్ఆర్ (టాటా మౌలిక పరిశోధన సంస్థ) వెనక టాటా ట్రస్టు ఉంది. క్వారీ దుమ్ము సంగతిలో మాత్రం నీతో నూటికి నూరుపాళ్ళు ఏకీభవిస్తాను. అట్లాంటి ప్రశ్నలకు ప్రభుత్వ డబ్బే కావాలి, దాన్ని దాతల మీదికి నెట్టడం తప్పు.

కరకంబాడి_కుర్రాడు · బుధవారం, రాత్రి 8:10

సరే అక్కా. అయితే పలమనేరు అన్న ఒకటి అడగాలి. ఫలితం నచ్చకపోతే అచ్చు కాకుండా ఆపే హక్కు ట్రస్టుకు ఉందా లేదా? ఒప్పంద పత్రంలో ఆ మాట చూపించమనండి.

ఎర్రమట్టి_రైతు · బుధవారం, రాత్రి 9:33

బోర్ల మాట వచ్చింది కాబట్టి రాస్తా ఉండా. నాది రామసముద్రం పక్క పల్లె. 2000ల్లో మా పక్కకి ఒక ప్రాజెక్టు వచ్చినాది. రైతులే భూగర్భజలం కొలుచుకునేది. ఏడు కరువు జిల్లాల్లో చేసినారు, మన చిత్తూరు కూడా ఉండె. దుడ్లు నెదర్లాండ్స్ ప్రభుత్వానివి, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ నడిపె. బోరులోకి టేపు దించితే నీళ్ళు తగలంగానే కుయ్యిమని మోగుతుంది. ఆ లోతు పదైదు దినాలకొకసారి పుస్తకంలో రాస్తాం. వాన కొలిచే డబ్బా ఒకటి. అంతా ఊరి గోడ మీద బోర్డులో ఎక్కిస్తాం. రబీకి ముందర అందరమూ కూర్చుని భూమిలో ఎంత నీళ్ళుండాయి, వరి ఎంత, టమోటా ఎంత, శెనక్కాయ ఎంత అని లెక్కేసుకుంటాం. ఎవురూ ఎవుర్నీ వరి పెట్టొద్దనలా. లెక్క కళ్ళ ముందర కనపడతానే చానామంది వాళ్ళంతట వాళ్ళే తగ్గించుకున్యారు.

మాకు పనికొచ్చింది దానివల్లే: రాసింది మేము, బోర్డు మా గోడ మీద, లెక్క మా నోట్లో. ప్రాజెక్టు పాయ, లెక్క మాత్రం కొందరికి ఇంకా గుర్తుండాది.

ఇప్పుడు భయం చెప్తా వినండి. 2002 వాల్టా చట్టం, అదే నీళ్ళు, భూమి, చెట్ల చట్టం ప్రకారం బోరు వేయాలంటే పర్మిషన్ ఉండాల. చానా బోర్లకి లేదు, అందరికీ తెలుసు. పిల్లోళ్ళు సర్వే నంబరేసి, లోతు రాసి, బెంగళూరికి పంపితే, అది తిరిగి తిరిగి ఏ ఆఫీసుకి పోతుందో ఎవురు చెప్పేది? పిల్లోళ్ళ నోటుబుక్కు వల్ల పక్కింటోళ్ళతో తగాదా వస్తే ఆ బిడ్డలు చేను గట్టుకి పోలేరు. సర్వే నంబరు రాయొద్దు, పేరు రాయొద్దు. ఊరంతా కలిపి ఒక లెక్క ఇమ్మనండి.

తిరుపతి_స్కాలర్ · బుధవారం, రాత్రి 10:15

అన్నా, మీ పోస్టు ప్రింటు తీసి మా డిపార్ట్‌మెంట్ గోడకు అంటించాలనుంది. మీరు చెప్పిన 'లెక్క కళ్ళ ముందర' అన్నదాని మీదే ఒక పరిశోధన ఉంది. ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ అనే సంస్థ మన జిల్లాలో ఎప్పటినుంచో ఊరుమ్మడి భూముల మీద పనిచేస్తోంది. వాళ్ళు అంతర్జాతీయ పరిశోధకులతో కలిసి 2013 నుంచి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో నీళ్ళ ఆట ఆడించారు. ఐదుగురు కూర్చుంటారు. ఒక్కో ఏడాదికి ఒక్కో రౌండు. ప్రతి ఒక్కరూ రహస్యంగా ఎంచుకోవాలి: తక్కువ నీళ్ళ పంటా, ఎక్కువ నీళ్ళ పంటా? రెండోదానికి డబ్బెక్కువ. అందరూ అదే ఎంచుకుంటే కొన్ని రౌండ్లకే బోర్డు మీద నీళ్ళు అడుగంటుతాయి. తర్వాత ఊరంతా కూర్చుని మాట్లాడుకుంటారు. ఆట ఆడిన ఊళ్ళలో నీళ్ళ రిజిస్టరు పెట్టుకోవడం, కట్టుబాట్లు చేసుకోవడం మిగతా ఊళ్ళకంటే ఎక్కువగా జరిగిందని తేలింది. పిల్లలతో కూడా ఆడించవచ్చు, ఏ సర్వే నంబరూ అక్కర్లేదు.

శ్రీసిటీ_లెక్కలు · గురువారం, ఉదయం 10:05

శ్రీసిటీలో ఒక కంపెనీలో సీఎస్ఆర్ (కంపెనీలు సామాజిక పనులకు పెట్టే డబ్బు) ఖాతాలు చూస్తాను. మదనపల్లె_వాసి గారి 'ఎన్నాళ్ళుంటారు' ప్రశ్నకు డబ్బు వైపు జవాబు ఇది.

2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద, ఒక స్థాయి దాటిన కంపెనీలు మూడేళ్ళ సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. విద్యకూ పర్యావరణానికీ పెట్టవచ్చు. కానీ నిబంధనల ప్రకారం 'కొనసాగుతున్న ప్రాజెక్టు' అంటే మొదలైన ఆర్థిక సంవత్సరం కాక మూడేళ్ళే. దాటితే మళ్ళీ కొత్తగా మొదలుపెట్టాలి. మార్చి 31 దగ్గర పడేకొద్దీ అందరికీ తొందర. నాకు వచ్చే ప్రతిపాదనల్లో మొక్కలు ఎన్ని నాటారో ఉంటుంది, ఐదేళ్ళకు ఎన్ని బతికాయో ఉండదు, ఎందుకంటే ఆ ఐదో ఏటికి డబ్బుండదు.

కుటుంబ ట్రస్టుకు ఈ మూడేళ్ళ కట్టుబాటు లేదు. కాబట్టి మీ ప్రాజెక్టు డబ్బు నిజంగా ట్రస్టుదా, లేక ఆ కుటుంబ కంపెనీ సీఎస్ఆర్ ఖాతాదా అని కనుక్కోండి. ట్రస్టుదే అయితే ఎక్కువ కాలం అడగడానికి మీకు అవకాశం ఉంది.

పిట్టల_పిచ్చి · గురువారం, మధ్యాహ్నం 3:48

తిరుపతి నుంచి. ఆదివారాలు శేషాచలం అంచుల్లో పిట్టలు చూస్తూ తిరుగుతాను.

మన కొండల పిట్టల గురించి మొదటి పెద్ద లెక్క కూడా దాత డబ్బుతో జరిగిందే. వెర్నే అనే సంపన్నుడి ఖర్చుతో 1930 ప్రాంతంలో తూర్పు కనుమల సర్వే చేశారు. ఆ పత్రాల్లో పక్షుల శాస్త్రీయ నామాలు, దొరల పేర్లు ఉంటాయి. కొండల్లో దారి చూపించిన మనవాళ్ళ పేర్లు వెతుక్కోవాలి.

కలివికోడి కథ వేరు. జెర్డన్ అనే ఆంగ్లేయ పక్షి పరిశోధకుడు 1848లో కనుక్కున్న ఆ పిట్ట 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు, అంతరించిందనుకున్నారు. 1986లో కడప జిల్లా లంకమల పక్కన మళ్ళీ దొరికింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ వెతుకుతుంటే, దాన్ని రాత్రిపూట టార్చిలైటుతో పట్టుకున్నది అయితన్న అనే స్థానికుడు. ఆయన పేరు చరిత్రలో నిలిచింది. ఆ తర్వాతి పరిశోధకులు నేల మీద మెత్తటి మట్టి పట్టీలుగా పరిచి, తెల్లారి అడుగుజాడలు చూసి ఆ పిట్ట ఏ పొదల్లో తిరుగుతుందో కనుక్కున్నారు. ఆ పని వల్లే తెలుగుగంగ కాలువ దారి మార్చారు.

ఆ మట్టి పట్టీల పద్ధతి మీ పిల్లలకు చక్కగా సరిపోతుంది. ఖర్చు లేదు. చెరువు పక్కన చల్లితే ముంగిస, కుందేలు, నక్క, కంజు జాడలన్నీ దొరుకుతాయి. ఒకటి మాత్రం అడగండి: పిట్టల పుస్తకం రాసిన పిల్లల పేర్లు నివేదికలో ఉండాలి.

పుంగనూరు_టీచర్ · గురువారం, సాయంత్రం 5:20

పిట్టల పుస్తకంలో పేర్లు తప్పకుండా ఉండాలి సార్. కానీ చదువు పరీక్షల్లో మాత్రం ఒక్క పేరు కూడా బయటికి పోకూడదు. 'ఫలానా బడిలో ఏడో తరగతి పిల్లలకు భాగహారం రాదు' అని పేపర్లో పడితే ఆ పిల్లలు తలెత్తుకోలేరు. రెండింటికీ వేర్వేరు పత్రాలు రాయించుకోండి.

పలమనేరు_నాన్న · ఆదివారం, రాత్రి 8:45

అందరికీ ధన్యవాదాలు. నిన్న బృందం మళ్ళీ వచ్చింది, కమిటీ అంతా కూర్చున్నాం. మీరు రాసినవన్నీ తెల్లకాగితం మీద రాసుకుని వెళ్ళాను.

నైతిక కమిటీ పత్రం వాళ్ళ దగ్గరే ఉంది, చూపించారు. సోమవారం గడువు తీసేశారు. తెలుగు పత్రం తయారుచేసి బడి మీటింగ్‌లో చదివి వినిపిస్తారు, చదువురాని అమ్మలు నలుగురైదుగురున్నారు, వాళ్ళకి అదే ముఖ్యం. పరీక్ష ఫలితాలు నెలలోపు టీచర్లకు ఇస్తామని రాసిచ్చారు. బోర్లకు సర్వే నంబర్లుండవు. పిట్టల పుస్తకం అసలు కాపీ బడిలోనే ఉంటుంది, ఫొటోలు వాళ్ళు తీసుకుపోతారు. పంచాయతీలో జీవవైవిధ్య కమిటీ రిజిస్టరు (ఊళ్ళోని చెట్లూ జీవాలూ రాసే పుస్తకం) ఒకటుందని హెడ్మాస్టరు గారు గుర్తుచేశారు, పిల్లలు రాసింది అందులోకి ఎక్కించేలా సర్పంచ్‌తో మాట్లాడతామన్నారు.

అచ్చు ఆపే హక్కు గురించి అడిగితే 'ట్రస్టు ముందుగా చదువుతుంది, మార్చమనదు' అన్నారు. రాసివ్వమంటే పెద్దవాళ్ళను అడిగి చెబుతామన్నారు. అది వచ్చేదాకా సంతకం చేయనని చెప్పాను.

డబ్బు ట్రస్టుదేనట. మూడో ఏడు అడిగితే మాత్రం కుదరదన్నారు, మంజూరైంది రెండేళ్ళకే. బృందం తరఫున మాట్లాడిన అమ్మాయి నిజాయితీగానే చెప్పింది, మాటకైనా చూద్దాం అనలేదు. రెండేళ్ళ తర్వాత ఎవరు నడిపించాలన్నదే ఇప్పుడు నా బెంగ.

కరకంబాడి_కుర్రాడు · ఆదివారం, రాత్రి 9:02

రాసిచ్చేదాకా సంతకం వద్దు. ఈ ఒక్కదాంట్లో మెత్తబడకండి అన్నా.

మదనపల్లె_వాసి · ఆదివారం, రాత్రి 9:20

మూడో ఏటి పని రెండో ఏట మొదలుపెడితే ఆలస్యమైపోతుంది. మొదటి నెల నుంచే ఊళ్ళో ఇద్దర్ని పక్కన నిలబెట్టండి. ఇంటర్ అయి ఇంటి దగ్గరున్న పిల్లలుంటారు. బృందం ఇచ్చే శిక్షణలో వాళ్ళనూ కూర్చోబెట్టమని షరతు పెట్టండి. రిషివ్యాలీ చిన్న బడులు నిలబడింది ఊరి టీచర్ల వల్లే.

తిరుపతి_స్కాలర్ · ఆదివారం, రాత్రి 9:41

టేపు, వాన కొలిచే డబ్బా, పుస్తకాలు ప్రాజెక్టు ముగిశాక బడికే వదిలిపోవాలని కూడా రాయించండి. లేకపోతే సామాను జాబితా ప్రకారం వెనక్కి తీసుకుపోతారు. మూడో ఏట పిల్లల లెక్కలు సరిచూడటానికి నేను వస్తాను, పలమనేరు నాకు దూరం కాదు. అప్పటికి నా పీహెచ్‌డీ ముగిసినా తిరుపతిలోనే ఉంటాను.

ఎర్రమట్టి_రైతు · ఆదివారం, రాత్రి 10:10

అన్నా, ఇంకొకటి మర్చిపోయినారు. మీ పక్క కౌండిన్య అడవి దగ్గర. చెరువుల కాడికి పొద్దు కుంకినంక, తెల్లారకముందర ఏనుగులు వస్తాయి. పిట్టలు చూసేదానికి తెల్లారుజామే మంచిదని ఆ పట్నం పిల్లోళ్ళు అంటారు. ఎండ పడినంకనే పంపాల, పెద్ద మనిషి ఒకడు వెంట ఉండాల, ముందురోజు ఫారెస్టోళ్ళకి ఫోన్ చేసి ఏనుగులు ఎక్కడుండాయో కనుక్కోవాల. ఇది కూడా కాగితంలో రాయించండి. టేపు దించేది నేర్పాలంటే నేనొస్తా. బుధవారాలు సంత ఉంటాది, మిగతా దినం ఏదైనా చెప్పండి.

పలమనేరు_నాన్న · ఆదివారం, రాత్రి 10:26

శుక్రవారం రండి అన్నా, బడి వదిలాక. హెడ్మాస్టరు గారికి ఇప్పుడే ఫోన్ చేసి చెబుతాను. ఏనుగుల సంగతి రేపే పత్రంలో చేర్పిస్తాను.